మహారాజశ్రీ స్పీడ్ బ్రేకర్ గారికి

మహారాజశ్రీ స్పీడ్ బ్రేకర్ గారికి నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టాల్సిందే గానీ, తమరి మీదుగా వచ్చినవాళ్ళ నడుములు ఆ మాట రాయనివ్వడం లేదు.

తమరిది సామాన్యమైన వంశం కాదు. 1970ల్లో ఇంగ్లండ్‌లోని రవాణా పరిశోధన ప్రయోగశాలలో వాట్స్ అనే ఆయన రకరకాల దిమ్మల మీద బండ్లు నడిపించి చూసి తమరి పెద్దల కొలతలు తేల్చాడు. బండి పోయే దిశలో 3.7 మీటర్లు, ఎత్తు 10 సెంటీమీటర్లు. మన దేశంలో రోడ్ల ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ (ఐఆర్‌సీ) కూడా 1988లో ఐఆర్‌సీ 99 అనే మార్గదర్శకాల్లో అవే కొలతలు రాసిపెట్టింది. 17 మీటర్ల వ్యాసార్థంతో వృత్తం గీస్తే అందులో చిన్న ముక్క తమరి వీపు. గంటకు 25 కిలోమీటర్ల వేగంతో వచ్చినవాణ్ణి మెత్తగా దాటించాలి, 50తో వచ్చినవాణ్ణి ఎత్తి కుదెయ్యాలి. కాయితం మీద తమరి ఉద్యోగం అంతే.

మా కాలనీలో కొలువుదీరిన తమరు బండి పోయే దిశలో అడుగున్నర, ఎత్తు అర అడుగు. పొలం గట్టు దారితప్పి వచ్చి తారు పూసుకున్నట్టున్నారు. పుట్టుక కూడా ఊహించదగిందే: ఎవరికో బండి తగులుతుంది, జనం రోడ్డు మీద బైఠాయిస్తారు, సాయంత్రానికి పక్క వీధిలో మిగిలిన తారు కంకర నాలుగు తట్టలు వచ్చి పడతాయి. టేపు తెచ్చేవాడు ఉండడు, రంగు డబ్బా తెచ్చేవాడు అసలే ఉండడు.

తమరి న్యాయం గురించి కొంచెం మాట్లాడుకోవాలి. ఇంత సన్నటి దిమ్మ మీద కారు నెమ్మదిగా ఎక్కితే చక్రంతో పాటు బాడీ మొత్తం లేచి పడుతుంది, అడుగునున్న ఆయిల్ చాంబర్ కూడా గీసుకుంటుంది. అదే 60లో వస్తే బాడీకి కబురందేలోపే చక్రం ఎక్కి దిగిపోతుంది, దెబ్బలో చాలా భాగం స్ప్రింగులు మింగేస్తాయి. అంటే నెమ్మదిగా వస్తే తంతారు, జోరుగా వస్తే వదిలేస్తారు. డ్రైవర్లు తెలివైనవాళ్ళు, రెండు రోజుల్లో ఈ పాఠం వంటబట్టించుకుంటారు. 12లో వచ్చే సైకిలుకి స్ప్రింగులేవీ? ముందు చక్రం దెబ్బ మణికట్టుకి, వెనక చక్రం దెబ్బ క్యారియర్ మీది పాల క్యాన్లకి. 3.7 మీటర్ల వంపు ఉంటే వేగం పెరిగేకొద్దీ కుదుపు పెరిగేది, సైకిలు తొక్కేవాడు తొక్కుడు ఆపకుండానే దాటేవాడు.

తమరి ఎడమ చివర మూరెడు సందు ఉంది చూశారూ, వాన నీళ్ళు పోవడానికి వదిలింది? ఊళ్ళో ఉన్న మోటార్‌సైకిళ్ళన్నీ ఆ సందులోకే దూరతాయి. చాలకపోతే రాత్రిపూట ఎవరో గునపంతో టైరు పట్టేంత గాడి కూడా కొట్టిపెడతారు. ఫుట్‌పాత్ లేని వీధి కాబట్టి నడిచేవాళ్ళు ఉండేదీ ఆ అంచునే, సైకిళ్ళు పోయేదీ ఆ అంచునే. బండ్లను ఆపమని తమర్ని కూర్చోబెడితే, ఏరి కోరి మనుషుల మీదికి మళ్ళిస్తున్నారు. పోనీ సందు మూసేస్తే? ఎగువన నీళ్ళు నిలుస్తాయి, తారుకీ నీళ్ళకీ పడదు, ఒక వానాకాలంలో తమరి కాళ్ళ దగ్గరే గుంట పడుతుంది. దిమ్మ అంచు దాకా పోవాలి, నీళ్ళు పక్కన కాలవలోకో అడుగున పైపులోకో పోవాలి. అది తట్టల లెక్కన అయ్యే పని కాదు.

ఆటోలవాళ్ళు తమర్ని ఏటవాలుగా దాటుతారు, ఒక్కో చక్రం ఒక్కోసారి ఎక్కేలా. ఆ మలుపులో పక్కన సైకిలు ఉందో లేదో అద్దంలో చూసే అలవాటు ఇంకా రాలేదు.

బండి వెనక సీట్లో రెండు కాళ్ళూ ఒకే వైపు వేసుకుని, ఒళ్ళో కూరల సంచీ పెట్టుకుని కూర్చున్న పెద్దావిడకి తమరంటే హడల్. ఆవిడ కూర్చున్నది దాదాపు వెనక ఇరుసు మీద, వెనక చక్రం తన్నే తన్ను మొత్తం ఆవిడకే. తలకి హెల్మెట్ ఉండదు, పట్టుకోవడానికి చెయ్యి ఖాళీ ఉండదు. అందుకే ఐఆర్‌సీ తమరికి నలుపు తెలుపు పట్టీలు వెయ్యమంది, 40 మీటర్ల ముందే బోర్డు పెట్టమంది. 60లో వచ్చేవాడికి ఆ 40 మీటర్లు రెండున్నర సెకన్లు కూడా కాదు. తమరు నల్లటి రోడ్డు మీద నల్లగా, లైటు లేని మలుపులో పడుకుని, మొదటివాడు ఎగిరిపడ్డాక వెనకవాడికి తెలుస్తారు.

తమరు మారేదాకా మేమే మారతాం లెండి. బ్రేకు తమరికి ముందే వేసి, ఎక్కేటప్పుడు వదిలెయ్యాలి. బ్రేకు పట్టుకునే ఎక్కితే ముందు ఫోర్కులోని స్ప్రింగు అప్పటికే కుంగి ఉంటుంది, దెబ్బ మింగడానికి చోటుండదు. సైకిలైతే పెడళ్ళు రెండూ సమానంగా పెట్టి, సీటు మీంచి కాస్త లేచి, మోచేతులు వదులు చేసి, తిన్నగా ఎదురుగా దాటాలి. చివరి క్షణంలో సందులోకి తిప్పకూడదు.

తమరికి చికిత్స ఉంది, పెద్ద ఖర్చేం కాదు. పైన చెక్కించి, బండి పోయే దిశలో ముందుకూ వెనక్కూ పొడిగించుకుంటే చాలు. పని సరిగా అయిందో లేదో చూడ్డానికి ఇంజినీరే రానక్కర్లేదు, ఒక తాడు, ఒక స్కేలు చాలు. నడిమధ్యన 10 సెంటీమీటర్లు, అక్కణ్ణించి అటూ ఇటూ 92 సెంటీమీటర్ల దగ్గర ఏడున్నర, 1.85 మీటర్ల దగ్గర సున్నా రావాలి. బడి ముందు కొలువైతే ఇంకో పని చెయ్యొచ్చు: వీపు బల్లపరుపుగా, ఫుట్‌పాత్ ఎత్తుకి సమానంగా కట్టించుకుని పైన జీబ్రా గీతలు వేయించుకోండి. పిల్లలు దిగకుండా ఎక్కకుండా దాటతారు, కార్లు ఎక్కి దిగుతాయి. ఎవరు వంగాలో అప్పుడు తేలుతుంది.

ఇట్లు,
ఎడమ అంచున పోయేవాళ్ళు

వి.సూ.: మెయిన్ రోడ్డు మీద పసుపు నలుపు రబ్బరు చొక్కా వేసుకున్న మీ తమ్ముడుగారు సగం ఊడిపోయారు. ముక్కలు పోయాయి గానీ బోల్టులు రోడ్డులోనే నిలబడి ఉన్నాయి. ముక్క ఊడిననాడే బోల్టు కూడా తీయించి, ఆ రంధ్రం తారుతో పూడ్పించమని చెప్పగలరు.