బీడీఎన్ఎఫ్ పెరిగితే మంచిదేనా? ఎక్కడ పెరిగిందో ముందు చెప్పండి

ఈమధ్య ఆరోగ్యం మీద ఏ వీడియో పెట్టినా బీడీఎన్ఎఫ్ మాట వచ్చేస్తోంది. పరిగెత్తితే పెరుగుతుందట, ఉపవాసం ఉంటే పెరుగుతుందట, ఫలానా క్యాప్సూల్ మింగినా పెరుగుతుందట, అది పెరిగితే చాలు డిప్రెషన్ పోయి, జ్ఞాపకశక్తి వచ్చి, అల్జీమర్స్ దరిచేరదట. "మెదడుకి ఎరువు" అని ముద్దుపేరు కూడా పెట్టేశారు. ఈ ప్రొటీన్ మీద నాకు కోపమేమీ లేదు, మెదడు గురించి గత నలభై ఏళ్లలో తెలిసిన గొప్ప సంగతుల్లో ఇదొకటి. నా పేచీ అంతా ఆ "పెరిగితే మంచిది" అన్న మాటతోనే. ఎరువు వేస్తే పైరుకీ అందుతుంది, కలుపుకీ అందుతుంది కదా.

దీని పూర్తి పేరు బ్రెయిన్ డిరైవ్డ్ న్యూరోట్రోఫిక్ ఫ్యాక్టర్. 1982లో ఈవ్ అలాన్ బార్డ్, హాన్స్ థోనెన్ పంది మెదడు నుంచి దీన్ని వేరుచేశారు. అప్పటికే ఈ కుటుంబంలో ఎన్జీఎఫ్ (నర్వ్ గ్రోత్ ఫ్యాక్టర్) అనే ప్రొటీన్ తెలుసు, రీటా లెవీ మోంటాల్చిని, స్టాన్లీ కోహెన్‌లకి 1986లో నోబెల్ తెచ్చిపెట్టిన పని దాని చుట్టూ జరిగిందే. ఒక నరకణం బీడీఎన్ఎఫ్‌ని బయటికి వదులుతుంది, అది పక్క కణం మీదున్న ట్రాక్-బీ అనే రిసెప్టర్‌కి, అంటే కబురు అందుకునే ప్రొటీన్‌కి, తగులుకుంటుంది, దాంతో లోపలికి కబురు వెళ్తుంది: బతికుండు, కొమ్మలు వెయ్యి, ఈ సినాప్స్‌ని (రెండు నరకణాలు కబురు మార్చుకునే చోటుని) గట్టిచెయ్యి. ఈ జన్యువు రెండు కాపీలూ లేకుండా పుట్టిన ఎలుకలు కొన్ని వారాలకి మించి బతకడం అరుదు.

ఇక్కడే మొదటి మెలిక ఉంది. కణం ముందు తయారుచేసేది పొడవాటి ముడి రూపం, ప్రో-బీడీఎన్ఎఫ్. దాన్ని ఎంజైములు కత్తిరిస్తే 119 అమైనో ఆమ్లాల అసలు రూపం వస్తుంది. కత్తిరించకుండా మిగిలిపోయిన ముడి రూపం పీ75 అనే ఇంకో రిసెప్టర్‌ని పట్టుకుని దాదాపు తలకిందులు పని చేస్తుంది, సినాప్స్‌ని బలహీనపరుస్తుంది, కొన్ని పరిస్థితుల్లో కణాన్ని చావు వైపు కూడా నెడుతుంది. జన్యువు ఒకటే, కబుర్లు రెండు, అవి కూడా ఒకదానికొకటి పొసగనివి. ఈ ముక్క మాత్రం ఏ వీడియోలోనూ వినపడదు.

జబ్బుల దగ్గరికి వస్తే కథ ఇంకా ముదురుతుంది. హంటింగ్టన్ అనే వంశపారంపర్య మెదడు జబ్బులో అయితే లెక్క సూటిగానే ఉంది. మెదడు లోపల స్ట్రయాటమ్ అనే భాగానికి కావలసిన బీడీఎన్ఎఫ్‌లో ఎక్కువ భాగం పైనున్న పొర, కార్టెక్స్, తయారుచేసి పంపిస్తుంది. ఆ తయారీకి హంటింగ్టిన్ ప్రొటీన్ సాయపడుతుందని 2001లో, సరుకు నరాల పొడవునా చేరడానికి కూడా అదే కావాలని 2004లో బయటపడింది. ఆ ప్రొటీన్ చెడితే తయారీ తగ్గుతుంది, రవాణా కుంటుతుంది, స్ట్రయాటమ్ కణాలు రాలిపోవడానికి అదో కారణమవుతుంది. ఇది నిజంగా కొరత జబ్బే, ఇక్కడ పెంచుదాం అంటే నేనూ సరేనంటాను.

మూర్ఛ దగ్గర మాత్రం అంతా తిరగబడుతుంది. ఫిట్స్ వచ్చినప్పుడు హిప్పోకాంపస్‌లో, అంటే జ్ఞాపకాలకి కీలకమైన మెదడు భాగంలో, బీడీఎన్ఎఫ్ తయారీ ఒక్కసారిగా ఎగబాకుతుంది. ఎలుకల మెదడుకి రోజూ చిన్న చిన్న కరెంటు షాకులిస్తూ పోతే కొన్నాళ్లకి ఆ చిన్న షాకుకే వాటికి పెద్ద ఫిట్స్ వచ్చే అలవాటు పడిపోతుంది, మూర్ఛ ఎలా పాతుకుంటుందో చూడడానికి ఇది పాత పద్ధతే. నాడీకణాల్లో ట్రాక్-బీ తీసేసిన ఎలుకల్లో ఆ అలవాటు పడలేదని 2004లో తేలింది. అంటే సినాప్స్‌ని గట్టిచేసే గుణమే ఇక్కడ జబ్బుని గట్టిచేస్తోంది. మొండి నొప్పుల్లోనూ ఇలాంటిదే. నరం దెబ్బతిన్నాక వెన్నుపాములోని మైక్రోగ్లియా అనే రక్షణ కణాలు బీడీఎన్ఎఫ్ వదులుతాయి, దాని ప్రభావంతో నొప్పిని అణచాల్సిన గాబా సంకేతం పట్టు తప్పిపోతుంది, అసలు ఎదురు తిరిగి రెచ్చగొట్టడం కూడా మొదలుపెడుతుంది. 2005 నాటి ఈ ఎలుకల ప్రయోగం చదివాక "సహజంగా బీడీఎన్ఎఫ్ పెంచండి" అన్న ప్రకటన చూస్తే నాకైతే నవ్వొస్తుంది.

డిప్రెషన్ సంగతి తేల్చడం ఇంకా కష్టం. ఒత్తిడి వల్ల హిప్పోకాంపస్‌లో బీడీఎన్ఎఫ్ తగ్గుతుంది, మందులు దాన్ని మళ్లీ పెంచుతాయి, అందుకే మందు పనిచెయ్యడానికి వారాలు పడుతుంది అన్నది 1990ల నుంచి నడుస్తున్న సిద్ధాంతం. హిప్పోకాంపస్‌లోకి నేరుగా ఎక్కించినప్పుడు అది డిప్రెషన్ మందులా పనిచేసిందని ఎలుకల్లో చూపించారు కూడా. కానీ 2006లో ఇంకో ప్రయోగం జరిగింది. బలమైన, పొగరుబోతు ఎలుక చేతిలో రోజూ దెబ్బలు తిన్న ఎలుక మామూలుగా తోటి ఎలుకలకి దూరంగా నక్కి ఉంటుంది. డోపమైన్ కణాలుండే వీటీఏ ప్రాంతంలో బీడీఎన్ఎఫ్ తీసేస్తే, అన్ని దెబ్బలు తిన్నా అది అలా ముడుచుకుపోలేదు. హిప్పోకాంపస్‌లో ఊరటనిచ్చే ప్రొటీనే కొన్ని మిల్లీమీటర్ల దూరంలో భయాన్ని పాతుకునేలా చేస్తోంది. ఇది ఎక్కడ ఉంటే అక్కడ జరుగుతున్నదాన్ని ముదరేస్తుంది, అంతే. అది మంచో చెడో దానికి పట్టదు.

మరి రక్తంలో కొలిచి "మీకు తక్కువుంది" అనే పరీక్షల మాటేమిటి? రక్తంలో కనిపించే బీడీఎన్ఎఫ్‌లో చాలా భాగం ప్లేట్‌లెట్లలో దాచి ఉన్నదే. రక్తం గడ్డకట్టేటప్పుడు అవి దాన్ని వదిలేస్తాయి, అందుకే సీరమ్‌లో (గడ్డకట్టాక మిగిలే ద్రవంలో) కొలిస్తే ఒక అంకె, ప్లాస్మాలో (గడ్డకట్టనివ్వకుండా తీసిన ద్రవంలో) కొలిస్తే అంతకంటే చాలా చిన్న అంకె వస్తుంది. డిప్రెషన్ ఉన్నవాళ్లలో సగటున సీరమ్ స్థాయి తక్కువుంటుందన్నది నిజమే, కానీ సగటు మాట పట్టుకుని ఒక మనిషి మెదడులో ఏ మూల ఏం జరుగుతోందో చెప్పలేం.

జన్యు పరీక్షలవాళ్లు అమ్మే వాల్66మెట్ ముచ్చట కూడా దాదాపు ఇంతే. జన్యువులో ఒక్క అక్షరం తేడా వల్ల ప్రొటీన్‌లో 66వ స్థానంలో వాలీన్ అనే అమైనో ఆమ్లం బదులు మెథియోనిన్ వస్తుంది, దాంతో కణం చురుగ్గా ఉన్నప్పుడు బయటికి వదలాల్సిన బీడీఎన్ఎఫ్ తగ్గుతుంది. 2003లో వచ్చిన ఈ పరిశోధన చక్కటిది. ఆ తర్వాత దీన్ని స్కిజోఫ్రీనియాకి, బైపోలార్‌కి, ఆందోళనకి ముడిపెడుతూ కుప్పలు తెప్పలుగా పేపర్లు వచ్చాయి, ఒకటి అవునంటే ఇంకోటి కాదంటుంది. కోట్లమందిలో ఉండే మామూలు తేడా ఇది, రిపోర్టులో ఎర్ర రంగు పూసి ఇస్తే టెన్షన్ తప్ప ఒరిగేదేమీ లేదు.

వ్యాయామం గురించీ ఒక మాట. 2011లో 120 మంది పెద్దవాళ్లతో ఏడాది పాటు చేసిన అధ్యయనంలో, నడిచినవాళ్ల హిప్పోకాంపస్ సుమారు 2 శాతం పెరిగింది, ఇదే అందరూ చూపించేది. 2022లో 585 మందితో చేసిన ఇంకా పెద్ద ట్రయల్‌లో మాత్రం జ్ఞాపకశక్తికి లాభమేమీ కనపడలేదు, దాన్ని ఎవరూ చూపించరు. నడవండి, గుండెకి మంచిది, నిద్రకి మంచిది, దానికి బీడీఎన్ఎఫ్ ముద్ర అక్కర్లేదు.

సరే, మందుగానే ఇచ్చేస్తే? ఆ పనీ అయిపోయింది. నరాలు చచ్చుబడే ఏఎల్ఎస్ జబ్బుకి 1990ల్లో 1,135 మంది రోగులతో పెద్ద ట్రయల్ నడిచింది, చర్మం కింద బీడీఎన్ఎఫ్ ఇంజెక్షన్లు ఇచ్చారు. ఆ ఫలితాలు 1999లో అచ్చయ్యాయి, మొత్తం మీద ఆయుష్షు పెరగలేదు. రక్తంలోకి వెళ్లిన బీడీఎన్ఎఫ్ నిమిషాల్లో మాయమవుతుంది, రక్తానికీ మెదడుకీ మధ్యనున్న గోడ దాటడం కష్టం, చేరాల్సిన చోటికి ఎంత చేరిందన్నదే అనుమానం.

అందుకే నాకు ఆశ పుట్టించిన పని వేరే దారిలో ఉంది. 2021లో ఏరో కాస్ట్రేన్ బృందం, ఫ్లూఆక్సెటిన్, కెటమిన్ లాంటి డిప్రెషన్ మందులు నేరుగా ట్రాక్-బీకే అంటుకుంటాయని చెప్పింది. ఇది ఇంకా చర్చలోనే ఉంది. కానీ అదే బృందం 2011లో ఎలుకల మీద చేసిన ప్రయోగం నాకు మరీ నచ్చింది. భయపడడం నేర్చుకున్న ఎలుకలకి మందు మాత్రమే ఇస్తే భయం పోలేదు, భయం పోగొట్టే శిక్షణ ఒక్కటే ఇస్తే పోయినట్టే పోయి తిరిగొచ్చింది, రెండూ కలిపితే మళ్లీ రాకుండా పోయింది. మందు మట్టిని గుల్ల చేసింది, ఏం నాటాలో శిక్షణ చూసుకుంది.

అల్జీమర్స్‌లోనూ "ఎక్కడ" అన్న ప్రశ్నే తేలాల్సి ఉంది. బీడీఎన్ఎఫ్ కంటే ముందు ఎన్జీఎఫ్ జన్యువుని వైరస్‌లో పెట్టి మెదడులోకి ఎక్కిస్తూ 49 మందితో ట్రయల్ చేశారు, ఫలితం రాలేదు. తర్వాత చనిపోయిన కొందరి మెదళ్లు పరీక్షిస్తే, ఎక్కించిన జన్యువు అసలు చేరాల్సిన కణాల దాకా పోనేలేదు. ఆ పనిలో ఉన్న మార్క్ తుసిన్‌స్కీనే 2021లో శాన్ డియేగోలోని కాలిఫోర్నియా యూనివర్సిటీలో బీడీఎన్ఎఫ్ జన్యువుతో కొత్త ట్రయల్ ప్రకటించారు. చికిత్సకి తీసుకోవాలనుకున్నది 12 మందినే. ఈసారి సూది ఎక్కడికి పోతోందో ఎంఆర్ఐలో చూసుకుంటూ ఎక్కించాలన్నది వాళ్ల ప్రణాళిక.