పేజీ నంబర్ చెప్పండి సార్!

కాంక్రీటు కట్టడాల డిజైన్ నియమాల పుస్తకం, అంటే ఐఎస్ 456 కోడ్‌ని పరీక్ష హాల్లోకి తీసుకెళ్లనిస్తారు. అదే మా సివిల్ ఇంజనీరింగ్ పిల్లల కొంప ముంచింది. పుస్తకం ఎలాగూ చేతిలో ఉంటుంది, ముందే చదవడం దేనికని ధీమా. టేబుల్ 19 ఏ పేజీలో ఉందో నిద్రలో లేపి అడిగినా చెబుతారు. స్టీలు శాతం పెరిగితే ఆ టేబుల్లో కాంక్రీటు షియర్ బలం (అడ్డంగా కోసేసే ఒత్తిడిని తట్టుకునే శక్తి) ఎందుకు పెరుగుతోందంటే మాత్రం క్లాసంతా ఫ్యాన్ వైపు చూస్తుంది.

మొన్న విశాఖ బీచ్ పక్కన బిల్డింగ్ అనుకుని, బయటికి పొడుచుకొచ్చిన బాల్కనీ స్లాబ్ డిజైన్ చేయమన్నాను. దాదాపు అందరూ కవర్ (లోపలి స్టీలు మీద ఉండే కాంక్రీటు మందం) 20 మి.మీ. వేశారు. ఉప్పుగాలి నేరుగా తగిలే చోటు బాబూ, టేబుల్ 16 ప్రకారం 45 కావాలి, కాంక్రీటు బలం గ్రేడు కనీసం ఎం30 ఉండాలి! "గైడ్‌లో 20 అనే ఉంది సార్." ఆ గైడ్ రాసినాయన సముద్రం చూశాడో లేదో.

ఎం35 వాడితే ఆ 45లో 5 మి.మీ. తగ్గించుకోవచ్చని టేబుల్ కిందే నోట్ ఉంది. చిన్న అక్షరాలు కదా, దాని జోలికెవరు పోతారు?

తప్పంతా వాళ్లదీ కాదు లెండి. పేపర్‌లో ఏటా అదే బీము, అదే స్పాన్ ఇస్తుంటే కోడ్ తిరగేయాల్సిన ఖర్మ వాళ్లకేంటి? స్టీలు కట్టడాల కోడ్ ఐఎస్ 800, లిమిట్ స్టేట్ అనే కొత్త డిజైన్ పద్ధతికి మారింది 2007లో. సీనియర్ల దగ్గర్నుంచి వచ్చిన పాత పద్ధతి, అదే వర్కింగ్ స్ట్రెస్ నోట్సు ఇంకా జిరాక్స్ అవుతూనే ఉంది.