అంపైర్ చేతిలోని ఇండికేటర్ అలంకారం కాదు

“బేస్‌బాల్ అంపైర్ చేతిలో తిప్పే చిన్న యంత్రం ఉత్త అలంకారం, అసలు లెక్క స్కోర్‌బోర్డుదే, అంపైర్ లెక్క తప్పినా క్రికెట్‌లో మాదిరిగా అదే చెల్లుతుంది, చేతిసైగలు ఒక బధిర ఆటగాడి కోసం అంపైర్లు మొదలుపెట్టినవి, కెమెరాలు వచ్చాక ఇక ఆ లెక్కతోనే పనిలేదు” అన్న సందేశం అనంతపురం జిల్లా పీఈటీల వాట్సాప్ గ్రూపుల్లో కొంతకాలంగా తిరుగుతోంది. బంతి విసిరే పిచ్చర్ దాన్ని నిర్ణీత పరిధి బయట వేసి, బ్యాటర్ బ్యాట్ ఊపకపోతే అది ‘బాల్’, పరిధిలో పడినా, బ్యాటర్ ఊపి తప్పినా ‘స్ట్రైక్’. నాలుగు బాల్స్ పడితే బ్యాటర్ పరుగు దారిలోని మొదటి మజిలీ అయిన మొదటి బేస్‌కు నడిచి వెళ్తాడు, మూడు స్ట్రైక్‌లు పడితే ఔట్. మన పాఠశాలల్లో సాఫ్ట్‌బాల్ ఆడే పిల్లలకూ ఇదే నాలుగు బాల్స్, మూడు స్ట్రైక్‌ల లెక్క వర్తిస్తుంది కనుక, దీన్ని నమ్మి మైదానంలోకి దిగే కొత్త అంపైర్ల వల్ల నష్టపోయేది ఆ పిల్లలే.

మొదటి మాట పూర్తిగా తలకిందులు. బ్యాటర్ వెనుక బంతి పట్టే క్యాచర్‌కు వెనుక నిలబడే ప్రధాన అంపైర్ విధుల్లో బాల్స్‌నూ స్ట్రైక్‌లనూ ప్రకటించడంతో పాటు లెక్కించడాన్ని కూడా నియమావళి స్పష్టంగా చేర్చింది. బోర్డు నడిపే వ్యక్తి ఆ ప్రకటనను చూసి అంకె మారుస్తాడు. ఇండికేటర్ అనే ఆ యంత్రం అరచేతిలో ఇమిడిపోతుంది. అంచున పళ్లున్న చక్రాలను బొటనవేలితో తిప్పితే బాల్స్, స్ట్రైక్‌లు, ఔట్ల అంకెలు చిన్న కిటికీల్లో కనిపిస్తాయి. స్ట్రైక్‌నూ ఔట్‌నూ చూపడానికి కుడిచెయ్యి ఖాళీగా ఉండాలి కాబట్టి దాన్ని ఎడమచేతిలో పట్టుకోమని నేర్పుతారు. లెక్క చూపేటప్పుడు ఎడమచేతి వేళ్లు బాల్స్‌కు, కుడిచేతి వేళ్లు స్ట్రైక్‌లకు.

చక్రం ఎప్పుడు తిప్పాలో అందరికీ త్వరగానే వస్తుంది. ఎప్పుడు తిప్పకూడదో తెలియడమే కష్టం. బ్యాటర్ కొట్టిన బంతి హద్దు గీతల బయటకు పోయి ఫౌల్ పడితే స్ట్రైక్ పెరుగుతుంది, కానీ అప్పటికే రెండు స్ట్రైక్‌లుంటే పెరగదు. అదే రెండు స్ట్రైక్‌ల మీద బంట్ (బ్యాట్ ఊపకుండా బంతిని మెల్లగా తాకించడం) చేయబోయి ఫౌల్ కొడితే మాత్రం బ్యాటర్ ఔట్. వరసగా ఐదారు ఫౌల్స్ పడుతున్న వేళ బొటనవేలు అలవాటుకొద్దీ కదిలిందంటే లెక్క చెడినట్టే. అందుకే బేస్‌ల దగ్గరి అంపైర్లు కూడా లెక్క గమనిస్తూ ఉంటారు, సందేహం వస్తే ప్రధాన అంపైర్ చూడవలసింది వారివైపే.

బోర్డును నమ్ముకుంటే ఏమవుతుందో 2011 జూలై 2న అమెరికాలోని సియాటిల్‌లో తెలిసింది. మెరీనర్స్, పాడ్రెస్ జట్ల ఆటలో బ్యాటర్ కామెరాన్ మేబిన్‌కు నిజానికి రెండే బాల్స్ ఉండగా బోర్డు మూడు చూపింది. తరువాతి బాల్‌కే అతడు నడుచుకుంటూ మొదటి బేస్‌కు వెళ్లిపోయాడు, ఎవరూ అడ్డుచెప్పలేదు. ఆ ఇన్నింగ్స్‌లో అతడు చేసిన పరుగే ఆటలో ఏకైక పరుగు. పాడ్రెస్ 1–0తో గెలిచింది.

క్రికెట్‌తో పోలిక కూడా నిలవదు. క్రికెట్‌లో అంపైర్ బంతులు తప్పుగా లెక్కిస్తే, సాధారణంగా ఆయన లెక్కించిన ఓవరే చెల్లుతుందన్నది నిజమే. బేస్‌బాల్‌లో తప్పు వెంటనే బయటపడితే అంపైర్లు కూడి మాట్లాడుకుని సరిదిద్దుతారు. అమెరికాలోని ప్రధాన బేస్‌బాల్ పోటీ అయిన మేజర్ లీగ్‌లో 2014లో వీడియో రీప్లే విస్తరించిన తరువాత లెక్కను రీప్లే కేంద్రంతో సరిచూసుకునే వీలు కూడా ఏర్పడింది. మేబిన్ నడక చెల్లింది ఎవరూ అడగకపోవడం వల్ల.

సైగల కథ సగమే నిజం. 1888 నుంచి 1902 వరకు మేజర్ లీగ్‌లలో ఆడిన విలియం హోయ్ బధిరుడు. మూడో బేస్ దగ్గరి కోచ్ అతడికి బాల్, స్ట్రైక్‌లను చేతులతో తెలిపేవాడు. అంపైర్లు తమ సైగలను అతడి కోసమే మొదలుపెట్టారనడానికి గట్టి ఆధారమేదీ లేదు.

ఇక కెమెరాలు. మేజర్ లీగ్ 2026 సీజన్‌కు ఆమోదించిన పద్ధతిలో ప్రతి బంతినీ మొదట అంపైరే తేలుస్తాడు. ఆ తీర్పును కెమెరాలతో సరిచూడమని అడగడానికి ఒక్కో జట్టుకు రెండు సవాళ్లు ఉంటాయి, బ్యాటర్, పిచ్చర్, క్యాచర్ మాత్రమే అడగగలరు, గెలిచిన సవాలు ఖర్చు కాదు. 2024 నుంచి ప్రతి బంతినీ యంత్రమే తేల్చే కొరియా లీగ్‌లో కూడా ఆ తీర్పును చెవిలో విని మైదానంలో ప్రకటించేది అంపైరే. మన పాఠశాలల్లో కెమెరాల సంగతి దేవుడెరుగు, చాలాచోట్ల స్కోర్‌బోర్డంటే తరగతి గదిలోంచి తెచ్చి చెట్టుకు ఆనించిన నల్లబల్ల. దానిమీద ఇన్నింగ్స్‌వారీగా పరుగులు రాస్తారు గానీ, బాల్స్, స్ట్రైక్‌లు రాసే ఆనవాయితీ లేదు.