వడ్లు ఎత్తినాక డ్రాగ్ రేసు

నల్లగొండ జిల్లాకు సాగర్ నీళ్లు వచ్చాయి, సిమెంటు ఫ్యాక్టరీలు వచ్చాయి, దామరచర్లకు థర్మల్ ప్లాంటు కూడా వచ్చింది. ఇంజిన్లోకి గాలిని బలవంతంగా కుక్కే సూపర్‌ఛార్జర్ బిగించిన ఎయిర్ కూల్డ్ బుల్లెట్టు మాత్రం ఇంకా రాలేదు. ఈ వెనుకబాటుతనం మీద ఏ పార్టీ నోరు మెదపడం లేదు. జిల్లా యువత సొంత ఖర్చుతో, అంటే నాయిన అమ్మిన పది గుంటల ఖర్చుతో, ఈ లోటు తీర్చడానికి నడుం కట్టింది కాబట్టి వాళ్ల తరఫున నాలుగు మాటలు రాయక తప్పడం లేదు.

డ్రాగ్ రేసు అంటే పావు మైలు, 402 మీటర్లు. నిలబడ్డ చోటి నుంచి తిన్నగా పోవాలి, అంతే. బండి మంచిదైతే పది సెకన్లలో తేలిపోతుంది. అంటే సెకనుకు గుంట. భూమిని ఇంత వేగంగా కరిగించే పద్ధతి మన రియల్ ఎస్టేట్ వాళ్లకు కూడా ఇంకా దొరకలేదు.

ఇంజిను సంగతికొస్తే పాత బుల్లెట్టును మించింది లేదు. 346 సీసీ, ఒకటే సిలిండర్, ఇరవైకి లోపే హార్స్ పవర్. కంప్రెషన్, అంటే సిలిండర్లో గాలిని పిస్టన్ నొక్కే మోతాదు, తక్కువని ఇన్నాళ్లూ వెక్కిరించాం. సూపర్‌ఛార్జర్‌కు కావాల్సింది సరిగ్గా అదే. బయటి నుంచి గాలి కుక్కేటప్పుడు లోపల కంప్రెషన్ ముందే ఎక్కువుంటే పెట్రోలు స్పార్కు కోసం ఆగదు, తనంతట తానే పేలి పిస్టన్ నెత్తిన బొక్క పెడుతుంది.

సూపర్‌ఛార్జర్ విదేశీ సరుకని కొందరు పెద్దలు ముఖం చిట్లిస్తున్నారు. అమెరికాలో రూట్స్ అన్నదమ్ములు 1860లో పేటెంటు తీసుకున్న బ్లోయర్ అది, నిజమే. కానీ సిమెంటు ఫ్యాక్టరీల్లో పొడిని పైపుల్లో తోసేది ఆ జాతి బ్లోయరే. దాని చప్పుడు పక్కనే మన బావలు, మామలు ఏళ్ల తరబడి టిఫిన్ బాక్సులు విప్పుకున్నారు. దాన్ని బెల్టుతో ఇంజినులో తిరిగే ఇరుసుకు, అంటే క్రాంకుకు తగిలిస్తే సూపర్‌ఛార్జర్. ఇంజిను బలంలో కొంత ముందే మింగేస్తుంది, తర్వాత అంతకంటే ఎక్కువ తెచ్చిపెడతానంటుంది. కాంట్రాక్టు పనులు చూసినవాళ్లకు ఈ లెక్క విడమర్చి చెప్పనక్కర్లేదు.

చిక్కల్లా ఒక్కటే. బ్లోయర్ ఆగకుండా గాలి తోస్తూ ఉంటుంది, ఒంటి సిలిండరేమో రెండు చుట్లకోసారి మాత్రమే నోరు తెరుస్తుంది. అందుకని మధ్యలో గాలి నిలవుండే ఒక డబ్బా పెట్టాలి. లేత్ షాపు అన్న ఆ డబ్బాను వెల్డింగ్ చేసి, సబ్బు నురగ పూసి, బుడగ వస్తుందేమోనని కళ్లద్దాలు నుదుటి మీదికి ఎత్తి మరీ చూస్తున్నాడు. బుడగ వచ్చింది. మళ్లీ వెల్డింగ్. నా అభిప్రాయంలో ఈ మొత్తం ఉద్యమంలో తెలిసి పని చేస్తున్నది ఆయనొక్కడే.

ఇక ఎండ. మే నెల నలభై అయిదు డిగ్రీల్లో గాలి పలచబడుతుంది. పదిహేను డిగ్రీల చలిలో ఉన్న బరువుకు దాదాపు పదో వంతు తక్కువ. ఆ గాలినే బ్లోయర్ మరో అర అట్మాస్ఫియర్ ఒత్తిడికి తోస్తే నీళ్లు మరిగే వేడి దాటిపోతుంది. చల్లబరచడానికి రేడియేటర్ లేదు, సిలిండర్ చుట్టూ రెక్కలే దిక్కు. వాటికి గాలి తగలాలంటే బండి పోవాలి, బండేమో లేత్ షాపు ముందు బురబురలాడుతూ నిలబడింది. చూడవచ్చిన ఒక తాత మనసు కరిగి చెంబుడు నీళ్లు ఇనుప సిలిండర్ మీద కుమ్మరించబోయాడు. నలుగురు పట్టుకుని ఆపారు. వేడి పోత ఇనుము మీద చన్నీళ్లు పడితే పగులుతుంది.

పెట్రోలు బదులు మెథనాల్ అనే ఆల్కహాల్ పోస్తే ఈ గొడవ చాలావరకు తగ్గుతుంది. ఆవిరయ్యేటప్పుడు పెట్రోలుకు మూడింతల వేడి లాగేస్తుంది, కాకపోతే రెండింతలకు పైగా తాగుతుంది. పైగా మండితే పట్టపగలు మంట కనిపించదు. కల్తీ సారాలో కలిసి మనుషుల ప్రాణాలు తీసేది కూడా ఇదే కనుక, డ్రమ్ములో ఏముందని ఎక్సైజ్ వాళ్లు అడిగితే ‘రేసుకు సార్’ అనే జవాబును యువత ఇప్పటి నుంచే సాధన చేయాలి.

ఇంజిను ఒక కొలిక్కి వచ్చింది, రోడ్డు రాలేదు. హైవే మీద పందెం కడితే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 189 కింద మూడు నెలల దాకా జైలు, లేదా 5,000 రూపాయల దాకా జరిమానా, లేదంటే రెండూ. అది సబబే, ఆ రోడ్డు మీద వేరేవాళ్ల పిల్లలు కూడా పోతుంటారు. ఊరి రోడ్డు చూద్దామంటే మాజీ సర్పంచ్ ఇంటి ముందొక స్పీడ్ బ్రేకర్, తాజా సర్పంచ్ ఇంటి ముందు అంతకంటే ఎత్తుది. అమెరికాలో ఒక డ్రైవర్ చనిపోయాక 2008లో టాప్ ఫ్యూయల్ అనే అన్నిటికంటే వేగమైన బండ్ల పందేన్ని వెయ్యి అడుగులకు, అంటే 305 మీటర్లకు కుదించారు. మనం ఇంకాస్త పెద్ద మనసు చేసుకుని రెండు స్పీడ్ బ్రేకర్ల నడిమి దూరానికి కుదించాలని కలెక్టర్ గారికి అర్జీ సిద్ధమైంది.

అంతలో ఎవరికో వెంచర్ గుర్తొచ్చింది. ప్రైవేటు జాగా, నలభై అడుగుల రోడ్డు, తిన్నటి సాపు, ఇళ్లు ఒక్కటీ లేవు. ఓనరు సరేనన్నాడు. ట్రాలీలో బండి పెట్టుకుని పోతే ఆ చివరి నుంచి ఈ చివరి దాకా యాసంగి వడ్లు ఆరబోసి ఉన్నాయి.

“ఎప్పుడు ఎత్తుతవు పెద్దయ్యా?” అని అడిగారు.

“తేమ పదిహేడు శాతం దాటితే కొనుగోలు కేంద్రంల కాంటా పెట్టరు బిడ్డా. మొన్న వాన పడ్డది. ఆరేదాకా కదలవు.” పెద్దయ్య స్టార్టు చేసి పెట్టిన బండి చుట్టూ ఒక చుట్టు తిరిగి, డబ్బాకు ఇంకా తగిలించని బ్లోయర్ మూతి దగ్గర అరచెయ్యి పెట్టి చూశాడు. “గాలి మస్తు వేడిగ కొడుతుంది గదరా. జర ఇటు తిప్పు. గంటకు కిరాయెంత?”