జర్మన్ మిహెల్ గారి కుచ్చుటోపీకి బహిరంగ లేఖ

కుచ్చుటోపీ మహాశయా,

జర్మన్లని ఎగతాళి చేయాలంటే కార్టూనిస్టుకి పెద్ద ఖర్చు లేదు. ఒక గుండ్రటి మొహం, మోకాళ్ల దాకా లాగు, నెత్తిన నువ్వు. నిన్ను తీసేస్తే ఆ బొమ్మ ఎవరో పల్లెటూరి రైతు. తగిలిస్తే చాలు, ‘డాయిచర్ మిహెల్’, అంటే జర్మన్ మిహెల్, జర్మన్లందరికీ మారుగా నిలబడే బొమ్మమనిషి! ఇంగ్లండుకి మారుగా గీసే జాన్ బుల్‌కీ, అమెరికాకి మారుగా గీసే అంకుల్ శామ్‌కీ కూడా వయసులో అన్న. అయితే ఆ పేరు సంగతి ఎవరెత్తినా నువ్వే ముందుకొచ్చి కుచ్చు ఊపుతావు. అసలు పేరెప్పుడు పుట్టింది, నువ్వెప్పుడు నెత్తికెక్కావు?

ఈ మాట అచ్చులో మొదట కనబడేది 1541లో, సెబాస్టియన్ ఫ్రాంక్ పోగుచేసిన సామెతల పుస్తకంలో. మనకి వేమవరం వెళ్లొచ్చిన పుల్లయ్య ఎలాగో అక్కడ మిహెల్ అలాగ: ఉత్త మొద్దు. టోపీ ఊసే లేదు.

ఇంత అమాయకుడికి పెట్టిన పేరు మాత్రం సామాన్యమైంది కాదు. మిఖాయేలుని పొట్టి చేస్తే మిహెల్. ఘటసర్పాన్ని తొక్కి కత్తి దూసిన ప్రధానదూత ఆయన. 955లో లెహ్‌ఫెల్డ్ యుద్ధంలో జర్మన్ రాజు ఒట్టో సైన్యం హంగరీవాళ్ల మీదికి ఆయన జెండాతోనే వెళ్లింది. అంతటి దేవదూత పేరు ఊరూరా పిల్లలకి పెట్టేసరికి చివరికి ఊళ్లో ప్రతి మొద్దుకీ అదే పేరైంది. పేరు బాగా వాడుకలో పడితే జరిగేది అదే.

ఇక హాన్స్ మిహాయెల్ ఓబెన్‌ట్రౌట్ కథ. 1618లో మొదలై జర్మనీని నలిపేసిన ముప్ఫై ఏళ్ల యుద్ధంలో పేరు మోసిన ఆశ్వికదళ నాయకుడు, 1625లో హానోవర్ దగ్గర సీల్జెలో చనిపోయాడు. ఆయన సాహసం చూసి శత్రువులే ‘జర్మన్ మిహెల్’ అన్నారనీ, పేరు అక్కడే పుట్టిందనీ చెబుతారు. వినడానికి బ్రహ్మాండంగా ఉంటుంది. ఆయన పుట్టింది 1574లో. అప్పటికి ఫ్రాంక్ పుస్తకం వచ్చి 33 ఏళ్లు. పేర్ల పుట్టుక వెతికేవాళ్లు బోర్లా పడేది ఇక్కడే: కథ బాగుందని తారీఖు చూడరు. ఉన్న పేరే ఆయనకి తగిలించి ఉండొచ్చు. ఆయన వల్ల పేరు పుట్టిందనడం మాత్రం కుదరదు.

1642 నాటి ఓ కరపత్రపు పాట ఇంకా రుచిగా ఉంటుంది. జర్మన్లో లాటిన్, ఫ్రెంచ్ మాటలు కలిపి దంచేవాళ్ల మీద తిట్లు అవి. నా దేశంలో నాకే ఒక్క ముక్క అర్థం కావడం లేదు, సిగ్గుచేటు అని మిహెలే మొత్తుకుంటాడు. (ఈ గోడు ఎక్కడో విన్నట్టుందా? నాకూ ఉంది.) చూశావా, ఈ మిహెల్ నిద్రపోవడం లేదు, అరుస్తున్నాడు. లాటిన్ రానివాణ్ణి తిట్టే పేరునే సొంత భాష జెండాగా ఎగరేశాడు.

నీ వైభవమంతా తర్వాతి మాట, ముఖ్యంగా 1840ల నాటిది. 1848లో జర్మనీలో తిరుగుబాటు లేచింది, చల్లారింది. 1849 మార్చి 24న స్టుట్‌గార్ట్ వ్యంగ్య పత్రిక ‘ఆయిలెన్‌ష్పీగెల్’ నీ బండారం బయటపెట్టింది: ‘48వ సంవత్సరంలో మిహెల్, అతని టోపీ’. మూడే మొహాలు. వసంతంలో తిరుగుబాటుదారుడి టోపీ, కళ్లల్లో నిప్పులు. వేసవికి మొహం మెత్తబడింది. ఏడాది చివరికి అదే నెత్తిన పడకటోపీ, అంటే నువ్వే, కళ్లు మూతలు. పది రోజులకి, ఏప్రిల్ 3న, ఆ తిరుగుబాటులోంచి పుట్టిన ఫ్రాంక్‌ఫర్ట్ పార్లమెంటు తెచ్చిచ్చిన జర్మనీ చక్రవర్తి కిరీటాన్ని ప్రష్యా రాజు వద్దన్నాడు. కుచ్చుటోపీ పెట్టడమంటే మా భాషలో ఏమిటో నీకు తెలియకపోవచ్చు. మిహెల్‌కి తెలుసు.

అప్పట్నుంచీ దిగలేదు నువ్వు. ఫ్రాన్సుకి మారుగా గీసే ఆడమనిషి మరియాన్ అక్కడి ప్రభుత్వ ముద్రలోకే ఎక్కింది. మిహెల్‌కి ఆ యోగం లేదు, జర్మనీ ముద్రలో గద్ద కూర్చుంది. పన్నులు పెరిగిన రోజున మాత్రం పేపర్లో జేబులు బోర్లించి చూపించడానికి పిలుస్తారు, నీతో సహా.

దిగమని అడగను, దిగవని తెలుసు. ఆ కుచ్చు కాస్త పక్కకి జరుపు. వెనక దేవదూత కత్తి కనబడటం లేదు.

ఇట్లు,
నీలాంటివి చాలా పెట్టించుకున్న ఒక తలకాయ