యాభై ఒకటో మీటరు దగ్గర అంతా క్షేమం

చక్కెర గురించి మన దేశం ఒక గొప్ప సంగతి కనిపెట్టింది. బడి గేటుకు యాభై మీటర్ల లోపల ఉంటే అది పిల్లలకు చేటు. యాభై ఒకటో మీటరు దగ్గర బుద్ధిమంతురాలు, ఎవరినీ ఏమీ అనదు. నేనేం వేళాకోళం ఆడడం లేదు. కొవ్వు, చక్కెర, ఉప్పు మోతాదు మించిన తిండిని స్కూలు క్యాంటీన్లో గానీ, గేటు నుంచి ఏ దిక్కుకైనా యాభై మీటర్ల లోపు గానీ పిల్లలకు అమ్మకూడదని ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2020లో నిబంధన పెట్టింది. గెజిట్‌లో భద్రంగా ఉంది. సిగరెట్లకైతే వంద గజాలు. చిప్స్ పాపం ఇంచుమించు అందులో సగం మాత్రమే.

నన్ను పీడిస్తున్నది ఆ "ఏ దిక్కుకైనా" అన్న ముక్క. మన ఊళ్లలో బోలెడు ప్రైవేటు బళ్లు షాపింగ్ కాంప్లెక్సుల పైనే ఉంటాయి. కింద బేకరీ, పైన ఎల్‌కేజీ. అక్కడ టేపు నిలువుగా పట్టాలా?

సరే, నిజాయితీపరుడైన ఒక అధికారి కొలతకు బయల్దేరాడనుకుందాం. (అనుకోవడానికి ఖర్చేముంది.) ఆఫీసులో ఉన్న టేపు ముప్పై మీటర్లది. కాబట్టి కొలత రెండు విడతలు. ముప్పై దగ్గర అటెండరు సుద్దముక్కతో గీత గీశాడు. పధ్నాలుగు మంది పిల్లల్ని కుక్కుకున్న స్కూలు ఆటో ఒకటి వచ్చి సరిగ్గా ఆ గీత మీదే ఆగింది. మళ్లీ మొదటికి. ఈసారి గీత బదులు అటెండరే నిలబడ్డాడు. లెక్క తేలింది: కిరాణా కొట్టు నలభై ఎనిమిది మీటర్ల దూరంలో ఉంది, నేరం రుజువైంది. కొట్టాయన పేచీ పెట్టలేదు. ఇవతలి కొక్కేనికి వేలాడుతున్న చిప్స్ సరాలు తీసి అవతలి కొక్కేనికి తగిలించాడు. అక్కడికి యాభైన్నర. చాక్లెట్ సీసాలూ అటు జరిగాయి. ఫ్రిజ్ మాత్రం కదలనంది, ప్లగ్గు ఇవతలే ఉంది మరి. కానీ దాని తలుపు అవతలికి తెరుచుకుంటుంది. అమ్మకం జరిగినట్టు ఎక్కడ రాసుకోవాలి, తలుపు దగ్గరా, కంప్రెసర్ దగ్గరా? దీని మీద పై ఆఫీసుకు ఫోన్ వెళ్లింది. ఈలోగా నూడుల్స్ బండివాడు, టేపు సాగినప్పుడల్లా నాలుగడుగులు వెనక్కీ, చుట్టగానే నాలుగడుగులు ముందుకీ తోసుకుంటున్నాడు. చివరికి స్కూలు కరస్పాండెంటు గారే బయటికొచ్చి చిక్కు విప్పేశారు. "సార్, మీరు కొలుస్తున్నది అసలు గేటే కాదండీ. రికార్డుల్లో మా గేటు వెనక వీధిలో ఉంది. ఇది ఊరికే పిల్లలు వచ్చీపోయే దారి."

అధికారి టేపు చుట్టేశాడు. కేసు కొట్టేశారు.

ఇక గేటు లోపల సంగతి. 2025 మేలో సీబీఎస్‌ఈ తన బళ్లలో "షుగర్ బోర్డులు" పెట్టమంది. ఏ తిండిలో ఎంత చక్కెర ఉందో పిల్లలకు తెలియాలట. మంచి మాటే. పిల్లల రోజువారీ క్యాలరీల్లో చక్కెర వాటా 5 శాతం దాటకూడదని, నాలుగు నుంచి పదేళ్ల వాళ్లలో అది 13 శాతం ఉందని ఆ ఉత్తర్వే చెప్పింది. బోర్డు గోడకెక్కింది. దాని కిందే బర్త్‌డే బాబు కొత్త డ్రెస్సులో నిలబడి చాక్లెట్లు పంచుతున్నాడు. నలభై మంది ఉన్న సెక్షన్లో ఇంచుమించు వారానికో పుట్టినరోజు. ఎక్కాలు తప్పు లేకుండా చెప్పిన వాళ్లకు మిస్సు ఇచ్చే చాక్లెట్లు అదనం.

తిన్నది అరగడానికి ఆటలున్నాయిగా అంటారేమో. ఉన్నాయి, టైంటేబుల్లో. ఆ పీరియడ్‌కు లెక్కల సారు వస్తారు, సిలబస్ వెనకబడింది కదా. 2009 విద్యాహక్కు చట్టం బడికి ఆటస్థలం ఉండాలంది. బడి పేరు బోర్డు మీద ఒలింపియాడ్ అని ఉంటుంది, పరిగెత్తే చోటు మాత్రం సెల్లార్లో రెండు కార్ల మధ్య. స్పోర్ట్స్ ఫీజు రసీదు మాత్రం ఖచ్చితంగా ఇస్తారు. గ్రౌండ్ ఏదండీ అని అడిగితే, క్యారమ్ బోర్డు ఉంది కదా అంటారు.

ఇన్ని ఏర్పాట్లూ చేశాక పిల్లాడు లావెక్కితే, దోషి ఎవరు? వాడే. "బండోడు", "బోండాం" అని తోటివాళ్లు. "కాస్త నోరు కట్టుకోరా" అని చుట్టాలు, లడ్డూల పళ్లెం వాడి ముందు పెట్టి మరీ. పీఈటీ సారు వాణ్ని స్కోరు రాయమని కూర్చోబెడతాడు. పరిగెత్తాల్సిన వాడినే కూర్చోబెడతాడు!

వాడి మెడ చూశారా ఎప్పుడైనా? వెనక నల్లగా, మందంగా పట్టీ కట్టినట్టు ఉంటుంది. మట్టి అనుకుని వాళ్లమ్మ సున్నిపిండి పెట్టి చర్మం ఎర్రబడేదాకా రుద్దుతుంది. అది మట్టి కాదమ్మా, రుద్దకండి. రక్తంలో చక్కెరను అదుపు చేసే ఇన్సులిన్ మాట ఒంట్లో చెల్లుబాటు కావడం లేదని చర్మం చెప్పుకుంటోంది. దాని వెంట వచ్చేవి మధుమేహం, బీపీ, కాలేయంలో కొవ్వు. కల్లు వాసన కూడా ఎరగని పన్నెండేళ్ల వాడికి స్కానింగులో ఫ్యాటీ లివర్ అని రాస్తున్నారు. రాత్రిళ్లు గురక పెట్టి నిద్ర సరిపోక క్లాసులో తూలితే, బద్ధకమని గోడ కుర్చీ వేయిస్తారు. సిగ్గుండాలి మనకి! పిల్లాడి నోటి ముందు అన్నీ పెట్టింది పెద్దవాళ్లు, కాళ్ల కింద నేల లాక్కున్నది పెద్దవాళ్లు, శిక్ష వాడికా?

తిండిలో పైనుంచి కలిపిన చక్కెర రోజు మొత్తం మీద 25 గ్రాములు దాటొద్దని తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో చెప్పింది. పావు లీటరు కోలా ఒక్కటి తాగితే ఆ కోటా అయిపోయినట్టే, ఆరు చెంచాల పైమాటే. ఈ సంగతి సీసా వెనక చీమ తలకాయంత అక్షరాల్లో, ఇంగ్లీషులో ఉంటుంది. కొనేది గుంటూరులో నాలుగో తరగతి చదివే పిల్ల.

చిలీ దేశంలో 2016లోనే ఇలాంటి ప్యాకెట్ల ముందువైపు నల్లటి ముద్రలు కొట్టారు. చక్కెర ఎక్కువ, ఉప్పు ఎక్కువ అని సూటిగా. డబ్బాల మీద పిల్లల్ని పిలిచే పులి బొమ్మల్నీ పీకేయించారు. మనకైతే 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఈ హెచ్చరిక ముద్రల సంగతి మూడు నెలల్లో తేల్చమంది. జూలైలో ఇంకో మూడు నెలలు గడువిచ్చింది. అంతకుముందు 2022లో మనవాళ్లు తయారుచేసిన ముసాయిదా ఏమిటనుకున్నారు? ప్యాకెట్‌కు అర నుంచి ఐదు దాకా స్టార్లు ఇస్తారట. హెచ్చరిక కాదు, మార్కులు! చక్కెర ఎంత ఎక్కువైనా అర స్టారుకు ఢోకా లేదు. ఇది రాసినవాళ్లు పిల్లల నోటుబుక్కు ఎన్నడూ తెరిచి చూడలేదా? టీచరు వెరీగుడ్‌కు వేసేదే స్టారు. నమ్మకం లేకపోతే ఒకటో తరగతి పిల్లాడిని పిలిచి, రెండు స్టార్ల చిప్స్ ప్యాకెట్ చేతిలో పెట్టి, ఇది మంచిదా చెడ్డదా అని అడగండి.