పుట్ట పెట్టిందెవరు?

ఈమధ్య తిరుపతిలో ఒక మేనేజ్‌మెంట్ శిక్షణకు వెళ్లాను. ట్రైనర్ తెరమీద చీమలబారు బొమ్మ వేసి, 'రాణి చీమ మాట జవదాటకుండా ఎలా పనిచేస్తున్నాయో చూడండి, మీ ఆఫీసూ ఇలా ఉండాలి' అన్నారు. అందరం రాసుకున్నాం. ఈ మాట ఎక్కడిదని ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు.

చెప్పి ఉంటే అక్కడే తేలిపోయేది. రాణి చీమ ఆజ్ఞలివ్వదు, గుడ్లు పెడుతుంది, అంతే. అమెరికా ఎడారుల్లో గింజలేరుకునే చీమల మీద దశాబ్దాలుగా పనిచేసిన డెబొరా గోర్డన్ చూపించింది ఇదే. గింజలతో తిరిగొచ్చే చీమలు ఎంత వెంటవెంటనే వస్తుంటే, పుట్టలోంచి అన్ని ఎక్కువ చీమలు బయల్దేరతాయి. అంతకు చాలా ముందే, 1959లో, ఫ్రెంచి జంతుశాస్త్రవేత్త పియర్ పాల్ గ్రాసే చెదపురుగులు పుట్ట కట్టే తీరుకు 'స్టిగ్మర్జీ' అని పేరు పెట్టారు. ఒక పురుగు పెట్టిన మట్టిముద్దే తర్వాతి పురుగుకు పని చెబుతుంది. మేస్త్రీ లేడు. మా ట్రైనర్ చీమల్ని అడ్డం పెట్టుకుని చెప్పిందేమో మేస్త్రీ పెత్తనం!

మూలం చెప్పకపోతే ఒకరి పేరు పోతుంది, దాంతోపాటు వాళ్లు చేసిన హెచ్చరికా పోతుంది. జీవకణం తనను తానే తయారుచేసుకుంటుందంటూ 1970లలో చిలీ శాస్త్రవేత్తలు మతురానా, వరేలా 'ఆటోపొయెసిస్' భావన తెచ్చారు. జర్మన్ సామాజికవేత్త నిక్లాస్ లూమన్ దాన్ని సమాజానికి అన్వయించారు. అలా సాగదీయడం వరేలాకు సమ్మతం కాదు. 'మా సంస్థ ఒక జీవి' అని చెప్పుకునేవాళ్ల నోట ఆ అభ్యంతరం ఎప్పుడైనా విన్నామా?

శ్రీనివాసుడు పుట్టలో ఉన్నాడని చెప్పుకునే ఊరు మాది. 'చీమలు పెట్టిన పుట్టలు పాముల కిరవైన యట్లు' అని సుమతీ శతకంలో చిన్నప్పుడే చదువుకున్నాం. (నిజానికి ఆ పుట్టలు పెట్టేది చీమలు కాదు, చెదలు. కష్టపడ్డవాళ్ల పేరు పద్యంలోనూ మారిపోయింది.)

అప్పు ఒప్పుకున్నవాడూ మన దగ్గరే ఉన్నాడు. భాగవతం ఏకాదశ స్కంధంలో అవధూత తన 24 మంది గురువుల పేర్లు యదుమహారాజుకు వరసగా చెబుతాడు: భూమి, గాలి, తేనెటీగ, సాలీడు, కొండచిలువ... ఎవరి దగ్గర ఏం నేర్చుకున్నాడో కూడా. తేనెటీగ దగ్గర నేర్చుకున్నది 'కష్టపడి కూడబెట్టు' అని కాదు, కూడబెట్టొద్దని. శిక్షణ తరగతుల్లో ఈ తేనెటీగ నాకెప్పుడూ కనబడలేదు.

ఆ స్కంధాన్ని తెలుగు చేసింది వెలిగందల నారయ. నేను మాత్రం చాలా ఏళ్లు 'పోతన చెప్పాడు' అనే అంటూ వచ్చాను.